రెండు చోట్ల వెలిగిన లైను

“మీ డీబగ్గర్‌కి కళ్లున్నాయా, లేవా?”

మా పరిచయం ఈ తిట్టుతోనే మొదలైంది. రోగులకు మందు ఎక్కించే పంపులకు లిస్ప్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాస్తుందామె. చిన్న ముక్క రాస్తే దాన్ని పెద్ద ప్రోగ్రాముగా విప్పే మాక్రోలంటే ప్రాణం కాబట్టి ఆఫీసంతా మాక్రో మేడం అంటారు. తప్పులు వెతికే డీబగ్గర్ మాత్రం నాది. దాన్ని ఎవరైనా ఏమైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

“మీరు నాలుగు ముక్కలు రాస్తారు. మీ మాక్రో వాటిని నలభై లైన్లు చేసి పారేస్తుంది. పాపం, నా డీబగ్గర్‌కి ఆ నలభయ్యే కనిపిస్తాయి. మీరు రాసింది కనిపించదు.”

“అయితే నేర్పండి దానికి!”

“పక్కన కూర్చుంటే నేర్పుతా.”

నా నోరు ఊరుకోదు కదా! ఆమె నిజంగానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

నిజానికి సరసాలాడే సమయం కాదది. ఒక ఆసుపత్రిలో మా పంపు ఒక పెద్దాయనకు రెట్టింపు మందు ఎక్కించింది. ఆయన చనిపోయాడు. నర్సే రెండుసార్లు బటన్ నొక్కిందని ఆమెను ఇంటికి పంపేశారు. ఆ నర్సు మా అక్క. ఆ సంగతి నేను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. అక్క తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంటోంది.

తప్పు పంపుదేమో తేలాలంటే, మాక్రో విప్పిన ప్రతి ముక్కకూ అది ఏ లైను నుంచి వచ్చిందో గుర్తు తగిలించాలి. అదే మా పని. బయట వాన దంచుతోంది.

“మళ్లీ బ్రాకెట్ మూయలేదు. ఇంట్లో తలుపులైనా వేస్తారా?” అందామె.

“మీరొస్తే అలవాటవుతుంది.”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

గుర్తులన్నీ తగిలించాక ప్రోగ్రాము నడిపాం. ఆమె రాసిన ఒకే లైను రెండు చోట్ల వెలిగింది. ‘మందు ఎక్కించు’ అన్న ముక్కను కొత్త మాక్రో రెండుసార్లు వాడింది. ఎక్కించడానికి ఒకసారి, ఎంత ఎక్కిందో రాసుకోవడానికి ఇంకోసారి. రాసుకోబోయి పంపు మళ్లీ ఎక్కించేసింది.

“నా మాక్రో,” అందామె. “ఆయన్ని చంపింది నేనే.”

అక్క నింద నుంచి బయటపడింది. నాకు సంతోషం రాలేదు.

“కాస్త ఆగండి. ఎలా చెప్పాలో ఆలోచిద్దాం.”

“ఆలోచించేదేముంది? అక్కడ పాపం ఆ నర్సు చెయ్యని తప్పుకి మాట పడుతోంది!”

“ఆవిడ మా అక్క.”

ఆమె నన్ను తినేసేలా చూసింది. “మరి ఆగమంటావేంటి? బుద్ధుందా నీకు?”

“నిన్ను ప్రేమించాక లేదు.”

ఆమె లేచి మేనేజర్ గదిలోకి వెళ్లింది. పంపులన్నీ ఆపించారు, ఆమె ఆఫీసు కార్డు తీసేసుకున్నారు. బయటికొచ్చి, “మీ అక్క దగ్గరికి తీసుకెళ్లు,” అంది.

మా ఇంటి గుమ్మంలో నిలబడి, వానకు తడిసిన బట్టలతోనే అక్కకి మొత్తం చెప్పింది. అక్క చాలాసేపు తన చేతులు చూసుకుంది.

“ఇవే చంపాయనుకున్నానమ్మా. వీటితో ముద్ద ఎత్తలేకపోయాను. నిన్ను క్షమించడం ఇవాళ నా వల్ల కాదు.”

“అడగడానికి రాలేదండీ.”

“ఆయన భార్యకి చెప్పావా?”

“ఇప్పుడు వెళ్తున్నా. ఒక్కదాన్నే.”

అక్క చెప్పులు వేసుకుంది. “ఆవిడకి నేను తెలుసు. పద.”

నేను ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడిపోయాను. అక్క వెనక్కి తిరిగి కసిరింది.

“నువ్వేంట్రా, ఈ పిల్లవంకే చూస్తూ నిలబడ్డావ్? ఇలాంటి రోజున పక్కన నడవలేనివాడికి ఈ పిల్లనెలా ఇస్తారు?”