ఒంటి వేడికి కరిగే పెన్ను

"చచ్చిపోయినవాడి జేబులో పగిలిన పెన్ను, దాని చుట్టూ జిడ్డు. మనకి దొరికింది అంతే," అన్నాడు బాస్.

మంచు తల ఊపాడు. మంచు అనేది అతని కోడ్ నేమ్. పాత ఆపరేషన్ ఒకదానిలో కొండమీద మంచులో చిక్కుకుపోయాడు. పక్కనున్న పార్ట్‌నర్ మళ్లీ లేవలేదు. ఇతను లేచాడు గానీ కుడిచేతిలో స్పర్శ పోయింది. అప్పటినుంచి మనసుకి కూడా ఏదీ పెద్దగా తగలడం లేదు. డిపార్ట్‌మెంట్ అతన్ని తీసుకెళ్లి ఫైళ్ల గదిలో పడేసింది. దానికీ అతనికి ఏమీ అనిపించలేదు.

"సైంటిస్టు స్టేజీ మీద మాట్లాడుతూ మాట్లాడుతూనే కూలిపోయాడు. విషవాయువు. బాంబు లేదు, బ్యాటరీ లేదు, టైమర్ లేదు. స్కానర్లు కిక్కురుమనలేదు." బాస్ సొరుగులోంచి లేత పసుపురంగు బిళ్ల తీసి టేబుల్ మీద పెట్టాడు. ఆయన ఒకప్పుడు కెమిస్ట్రీ లెక్చరర్. పాఠం చెప్పనిదే పని చెప్పడు. "ఇదేంటో చెప్పు."

"చాక్లెట్ వాసన వస్తోంది సార్."

"కోకో బటర్. ఒట్టి కొవ్వు. కొవ్వంటే పొడుగాటి గొలుసులయ్యా. గొలుసులు తిన్నగా ఉంటే ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని గడ్డకడతాయి. వంకరగా ఉంటే సర్దుకోలేక నూనెలా కారిపోతాయి. ఇది రెంటికీ మధ్యరకం. గదిలో ఉంటే రాయి, ఒంటికి తగిలితే నీళ్లు. పెన్నులో గ్యాస్ గొట్టం పెట్టి, దాన్ని పగలగొట్టే స్ప్రింగుకి ఈ బిళ్ల అడ్డం పెట్టారు. జేబులో పెట్టుకున్నవాడి గుండెల మీది వేడే దానికి టైమర్."

"బాగుంది సార్."

"బాగుండటమేంటి నీ మొహం! రేపు ప్రొఫెసర్ గారి ఉపన్యాసం. నరాల మందు ప్రొఫెసర్. ముఠా ఇప్పుడు ఆయన మీద పడింది."

మంచుకి ఆ ప్రొఫెసర్ తెలుసు. సొంత చెల్లెలు ఆయన వార్డులోనే ఉంది. కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగున్నట్టు నరం చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. చెల్లెలికి ఆ పొర ఊడిపోతోంది. కాళ్లు ముందు తిమ్మిరెక్కాయి, తర్వాత చచ్చుబడ్డాయి. కంటికి కనబడని కొవ్వు బుడగల్లో మందు నింపి నరం దాకా పంపే పద్ధతి ప్రొఫెసర్ కనిపెట్టాడు. ఆ బుడగలు ఇప్పటికి ఆయన చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ కుదరడం లేదు. పరాయి దేశంలో మందులమ్మే ముఠాకి అది గిట్టడం లేదు. ఆయన పోతే చెల్లెలు ఇక లేచి నడవదు.

"నన్నే ఎందుకు సార్? నా చెయ్యి..."

"మిగతావాళ్ల మొహాలన్నీ ముఠాకి తెలుసు. నువ్వు ఫైళ్ల గదిలో బూజు పట్టి ఉన్నావు, నిన్నెవడు గుర్తుపడతాడు? హాల్లో చిలక ఉంటుంది. మన మనిషే."

"మన మనిషేనా సార్?"

"మన జీతం తీసుకుంటోంది," అన్నాడు బాస్. "వాళ్ల జీతం కూడా తీసుకుంటోందనుకో."

మర్నాడు మంచు తెల్లకోటు తొడుక్కుని, పెట్టుడు మీసం అంటించుకుని, ఐసు బకెట్ పట్టుకుని కాన్ఫరెన్స్ హాల్లో వెయిటర్‌గా తిరుగుతున్నాడు. ఆకుపచ్చ గౌనులో ఒక అందగత్తె అతని ముందు ఆగింది. ఎర్రటి లిప్‌స్టిక్, చేతిలో చిన్న బ్యాగు.

"వెన్న గట్టిగా ఉందా?" అంది.

"ఇప్పుడే ఫ్రిజ్‌లోంచి తీశాం మేడమ్."

పాస్‌వర్డ్ కుదిరింది. చిలక నవ్వు చెదరకుండా గొంతు తగ్గించింది. "పెన్ను ఆయన జేబులో ఉంది. నేనే బహుమతిగా ఇచ్చా. వాళ్ల మనిషి చూస్తున్నాడు, ఇవ్వక తప్పలేదు."

"మరి నాకెందుకు చెప్తున్నావు?"

ఆమె బ్యాగు కొంచెం తెరిచింది. లోపల అలాంటి పెన్నే ఇంకోటి ఉంది. "పొద్దున నాకూ ఒకటి బహుమతి వచ్చింది. జేబుల్లేని బట్టలేసుకున్నా కాబట్టి బతికా. అరవకు. తలుపు దగ్గర బూడిదరంగు కోటువాడి దగ్గర తుపాకీ ఉంది."

అప్పటికే స్టేజీ మీద లైట్లు మండిపోతున్నాయి. ప్రొఫెసర్ మొహం చెమటతో మెరుస్తోంది. "మన ఒంట్లో ప్రతి కణానికీ కొవ్వుతో కట్టిన గోడ ఉంది," అంటున్నాడాయన. "ఆ గోడలో రెండు వరసలు. తలలు నీళ్ల వైపు, తోకలు లోపలికి. తోకలకి నీళ్లంటే అస్సలు పడదు."

మంచు స్టేజీ ఎక్కి, బకెట్ టేబుల్ మీద పెట్టి, గ్లాసులో నీళ్లు పోస్తూ కావాలనే ఆయన కోటు మీద ఒలకబోశాడు. "అయ్యో, క్షమించండి!" అంటూ తుడుస్తూ పెన్ను లాగాడు. క్యాప్ అంచున నూనె మెరుస్తోంది. క్యాప్ మెల్లగా పైకి లేస్తోంది. బొటనవేలితో నొక్కిపట్టాడు.

చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లో బాస్ గొంతు. "వదిలావంటే స్ప్రింగు తన్నేస్తుంది! ఐసులో ముంచి, గడ్డకట్టేదాకా నొక్కే ఉంచు. నొప్పికి చెయ్యి తీసేశావో, హాలంతా శవాలే!"

మంచు మణికట్టు దాకా కుడిచేతిని ఐసులో దించాడు. ఎవరి చెయ్యైనా కాసేపటికి వద్దు మొర్రో అంటుంది. అతని చేతికి ఏమీ తెలియలేదు. ఇబ్బందల్లా వేలు నొక్కుతోందో జారుతోందో కూడా తెలియకపోవడమే. కళ్లార్పకుండా గోరునే చూస్తూ నిలబడ్డాడు.

బూడిదరంగు కోటువాడికి అనుమానం వచ్చి ముందుకు కదిలాడు. చిలక ఎదురెళ్లి, తీయగా నవ్వి, తన పెన్ను వాడి పైజేబులో దోపింది. "మీదే అనుకుంటా, పడిపోయింది." వాడు ఆ పెన్ను చూసుకుని, తుపాకీతో సహా కోటు విప్పి పారేసి, తలుపు తోసుకుని పరిగెత్తాడు. బయట మనవాళ్లు వాడికోసమే కాచుకుని ఉన్నారు.

ప్రొఫెసర్ ఉపన్యాసం ఆపి వెయిటర్ వంక చూశాడు. "ఏం బాబూ, చెయ్యి నొప్పెట్టడం లేదా?"

"లేదండీ."

"అయితే ఒకసారి నరం చూపించుకో," అన్నాడాయన. హాలంతా నవ్వింది. ఐసులో క్యాప్ అంచున నూనె మెల్లగా తెల్లబడింది. అయినా నమ్మకం చాలక, పాఠం పూర్తయ్యేదాకా మంచు చెయ్యి తియ్యలేదు. ఎంతమంది బతికారో బాస్ చెవిలో చెప్తూనే ఉన్నాడు. సంతోషించాలి కాబోలు అనుకున్నాడు. సంతోషం రాలేదు.

సాయంత్రం వార్డులో చెల్లెలు మంచం మీద కూర్చుని ఉంది. "అన్నయ్యా, టీవీలో చూశావా? ఎవడో వెయిటర్ ఐసు బకెట్లో చెయ్యి పెట్టుకుని నించున్నాడు, పిచ్చిమొహం! అచ్చం నీ పొడుగే."

"చూడలేదే."

"రేపటినుంచి నాకు ఇంజెక్షన్లు మొదలు. నీకు ఆనందంగా లేదూ?"

"ఉందిలే," అన్నాడు. అది అబద్ధమని ఆమెకి తెలుసు. అతని మొద్దుబారిన చేతిని తన ఒళ్లోకి లాక్కుని రుద్దసాగింది.

ప్రొఫెసర్ కాగితాలతో లోపలికి వచ్చాడు. "అమ్మాయ్, ఇక్కడ సంతకం పెడితే రేపే మొదలుపెడతాం," అంటూ కోటు జేబులో చెయ్యి పెట్టి పెన్ను తీశాడు.

మంచు ఆ పెన్ను క్యాప్ వంకే చూశాడు. భయం వేసింది. నిజంగా, ఒళ్లంతా వణికేలా భయం వేసింది. ఇన్నేళ్లకి తనకీ ఏదో ఒకటి కలిగిందని తెలిసి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"మాస్టారూ," అన్నాడు గొంతు సవరించుకుని, "పెన్సిల్‌తో పెడితే చెల్లదా?"