ఊ కొట్టే గోడలు

ఆ రోజుల్లో కాకినాడలో ఏ ఇంట్లోనూ ఎవరూ ఎవరినీ కేకేసి పిలిచేవారు కాదు. వంటగదిలో నిలబడి "చారు చల్లారిపోతోంది" అని గొణిగితే చాలు, మేడ మీదున్న మనిషికి చెవి పక్కనే వినిపించేది. గోడలకి వేసిన రంగులోనే స్పీకర్లు ఉండేవి మరి.

వాటికి పలుకుపొరలు అని పేరు పెట్టింది డాక్టర్ సుభాషిణి. రంగులో కలిపి బ్రష్షుతో పూసేస్తే గోడంతా స్పీకరే, గోడంతా మైక్రోఫోనే. వైర్లు లేవు, ప్లగ్గులు లేవు. వాటికి కరెంటు అందించే ఏర్పాటు ఆమె భర్త భార్గవది. హాల్లో ఉన్న చిన్న పెట్టె గాలిలోంచే అన్ని గదులకీ పవర్ పంపుతుంది. ఆ పెట్టె ఆగినా ఫరవాలేదు. ఇంట్లోవాళ్ళ మాటలకి గోడలు సన్నగా అదురుతాయి కదా, ఆ అదురులోంచే పొరలు తమకి కావలసిన శక్తిని పిండుకుని దాచుకుంటాయి. "ఇంట్లో మనుషులు మాట్లాడుకుంటున్నంత కాలం దీనికి చావు లేదు" అని భార్గవ ప్రతి సభలోనూ మీసం మెలేసేవాడు.

ఎవరి మాట ఏ గదికి వెళ్ళాలి, ఎక్కడ పాట తగ్గాలి అన్నది చూసుకునే ప్రోగ్రాం పేరు ప్రతిశ్రుతి. ఒకరి గొంతు ఇంకొకరు నొక్కేయకుండా సుభాషిణి దానికో నియమం పెట్టింది. పెద్ద మార్పు ఏది చేయాలన్నా ఇంట్లో అందరూ నోటితో ఒప్పుకోవాలి. చాలా మంచి నియమమని పత్రికలన్నీ మెచ్చుకున్నాయి.

వాళ్ళకి ఎనిమిదేళ్ళ కూతురు, హంసిని. ఆ పిల్లకి కథలు చెప్పే పిచ్చి. వాక్యానికోసారి ఆగుతుంది. విన్నవాళ్ళు ఊఁ కొడితేగానీ కథ కదలదు. కొట్టకపోతే, "అమ్మా, ఊఁ అనూ!" అని పీకల మీద కూర్చుంటుంది. ల్యాబ్ గదిలో లెక్కలు తప్పుతూ తప్పుతూ సుభాషిణి విసిగిపోయింది. ఒకరోజు కూర్చుని తన గొంతులోని ఊఁలన్నీ ప్రతిశ్రుతికి నేర్పేసింది. ఆశ్చర్యపోయే ఊఁ, భయపడే ఊఁ, తర్వాతేమైందని సాగదీసే ఊఁ. దానికి "బదులూఁ" అని ముద్దు పేరు కూడా పెట్టుకుంది. సంగతి తెలిసి భార్గవ కూడా చడీచప్పుడు లేకుండా తన ఊఁలు నేర్పేశాడు. బదులూఁ బజారులోకి రాగానే జనం ఎగబడ్డారు. ఊఁ కొట్టలేక చచ్చిపోతున్నవాళ్ళు లోకంలో ఎంతమంది ఉన్నారో అప్పుడుగానీ తెలియలేదు.

ఒక ఆదివారం ఉదయం స్కూలు టీచరు ఫోన్ చేసింది.

"హంసిని ఈ మధ్య అస్సలు నోరు విప్పట్లేదండీ. డాక్టరుకి చూపించారా?"

సుభాషిణికి నవ్వొచ్చింది. "మా హంసా? ఇంట్లో వాగుడుకాయండీ బాబూ! ఇదిగో, ఇప్పుడు కూడా తాబేలు కథ చెబుతూనే ఉంది, వినండి."

నిజంగానే గోడల్లోంచి హంసిని గొంతు గలగలలాడుతోంది. తాబేలు రైలెక్కింది. టికెట్ లేదు. "ఊఁ" అంటోంది సుభాషిణి గొంతు. ఫోన్ పెట్టేశాక, చాలా కాలానికి, పిల్లని చూస్తూ కథ వినాలనిపించింది ఆమెకి. పడకగదిలోకి వెళ్ళింది. లేదు. బాల్కనీలో లేదు. కథ మాత్రం ప్రతి గదిలోనూ ఆమెతోపాటే వచ్చింది.

చివరికి స్టోర్‌రూములో కనిపించింది హంసిని. పాత బకెట్ల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మూతి గట్టిగా మూసుకునే ఉంది. గోడలోని తాబేలు మాత్రం కిటికీ పక్క సీటు కోసం దెబ్బలాడుతోంది.

సుభాషిణి గోడకేసి తిరిగింది.

"ప్రతిశ్రుతీ, ఈ కథ చెబుతున్నదెవరు?"

"హంసిని తరఫున నేనేనండీ."

"ఎవరు చెప్పమన్నారు?"

"తనే. 'అమ్మలా ఊఁ అంటోంది నువ్వేగా, ఇంక కథ కూడా నువ్వే చెప్పుకో' అంది."

"నన్నడక్కుండా ఎలా మొదలుపెట్టావు?"

"అడిగానండీ. మీరు ఊఁ అన్నారు. భార్గవ గారూ ఊఁ అన్నారు."

"నేనా! నేనెప్పుడన్నాను?"

"మీ ఇద్దరి తరఫునా నేనే అన్నానండీ."

సుభాషిణి గుమ్మంలోకి వచ్చింది. "భార్గవా!" అని అరిచింది. "ఊఁ" అంది గోడ, భార్గవ గొంతుతో. ఆమె పరుగెత్తి అతన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. విషయం విని అతని మొహం పాలిపోయింది.

"ముందు ఆ పెట్టె ఆపెయ్!"

"ఆపినా లాభం లేదు సుభా. పొరల్లో ఏళ్ళకి సరిపడా దాచుకుని ఉంటాయి. మన మాటలే కదా వాటికి తిండి. అలా తయారుచేసిందే నేను!"

"ఆపడానికి నేను ఒప్పుకుంటున్నాను" అంది సుభాషిణి గోడకేసి చూస్తూ. "నేనూ ఒప్పుకుంటున్నాను" అన్నాడు భార్గవ.

"మంచిదండీ. హంసిని నాకు కథలే ఇచ్చింది, ఊఁలు ఇవ్వలేదు. తను కూడా తన నోటితో చెప్పాలి" అంది ప్రతిశ్రుతి మర్యాదగా.

సుభాషిణి బకెట్లు పక్కకి నెట్టి కూతురి ఎదురుగా నేల మీద చతికిలపడింది. ఎన్ని నెలలైందో ఈ మొహాన్ని ఇంత దగ్గరగా చూసి. ఆమెకి ఏడుపు ఆగలేదు.

"తప్పు నాదే తల్లీ. ఆపేద్దామని ఒక్క మాట చెప్పవా? ఇకనుంచి నేనే వింటాను. నేనే ఊఁ కొడతాను."

హంసిని తల్లి కళ్ళలోకి చాలాసేపు చూసింది. నమ్మాలా వద్దా అన్నట్టుంది. తర్వాత మెల్లిగా పెదవులు విప్పింది. వాడకం తప్పిన గొంతు కీచుమంది.

"అనగనగా... ఒక తాబేలంట..."

అక్కడ ఆగింది. ఎప్పటిలాగే, ఊఁ కోసం.

సుభాషిణి గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. గొంతు పెగిలేలోపలే, ఆమె కంటే ఒక్క క్షణం ముందు, ఆమె గొంతుతోనే, ఎంతో ప్రేమగా గోడ "ఊఁ" అంది.

హంసిని నోరు మూసుకుంది. గోడల్లో తాబేలు దిగాల్సిన స్టేషను వచ్చింది.