మూడో గాటు

"ఫోన్ లోపల పెట్టండి," అంది మందుల షాపు అమ్మాయి. "ఇక్కడ అమ్మేది మందులు. ఫొటోలు కాదు."

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇంకో చేతిలో అమ్మమ్మ మాత్రల స్ట్రిప్పు ఉంది. "అంచున ఈ గాట్లు మీరు పెట్టినవేనా?"

"ఏం, కంప్లైంటా?"

"అయ్యో, కాదండీ. వీటి గురించి తెలుసుకుందామనే వచ్చాను."

అతను యాప్ డిజైన్ నేర్చుకుంటున్నాడు. ఎనిమిది నెలల్లో నాలుగు వందల పన్నెండు బుక్‌మార్కులు పోగేశాడు. కోర్సులు, బ్లాగులు, వేరేవాళ్ల డిజైన్లు. ఒక్క యాప్ కూడా పూర్తి చేయలేదు. ఇంట్లో అక్క అతన్ని "ఒరేయ్ బుక్‌మార్క్" అనే పిలుస్తుంది. సోమవారం ఇంటర్వ్యూ. సొంతంగా చేసిన పని ఒకటి చూపించాలి. మాత్రల వేళ గుర్తుచేసే యాప్ మొదలుపెట్టి, ఆ పొద్దున అమ్మమ్మ చేతికిచ్చాడు.

"నాకెందుకురా ఇది?" అంది అమ్మమ్మ. ఆమెకు అక్షరాలు ఆనవు. స్ట్రిప్పు అంచు తడిమి చూపించింది. ఒక గాటుంటే పొద్దుటి మాత్ర, రెండుంటే రాత్రిది.

"ఈ ఐడియా ఏ కోర్సులో దొరికిందండీ?" అని అడిగాడు కౌంటర్ దగ్గర.

"కోర్సా?" షాపు అమ్మాయి నవ్వింది. "పోయినేడు ఒకావిడ రాత్రి మాత్ర పొద్దున వేసుకుని మెట్ల మీద పడిపోయింది. మర్నాడే కత్తెర తీశాను. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న వైపు కత్తిరించకూడదు. అంతే సిలబస్."

"నాకూ నేర్పుతారా?"

"నేర్పేదేముంది? ఆ స్టూల్ మీద కూర్చుని వచ్చేవాళ్ల చేతులు చూడండి. నా మొహం చూడక్కర్లేదు."

మూడు రోజులు కూర్చున్నాడు. వేళ్లు ఎక్కడ వణుకుతున్నాయో, చీటీని ఎవరు ఎంత దూరం పెట్టి చదువుతున్నారో రాసుకున్నాడు. ఆమె మొహం చూడక్కర్లేదన్న సంగతి మాత్రం రోజుకు పదిసార్లు మరిచిపోయాడు.

యాప్‌లోంచి అక్షరాలు తీసేశాడు. ఫోన్ ఒకసారి వైబ్రేట్ అయితే పొద్దుటి మాత్ర, రెండుసార్లయితే రాత్రిది. స్క్రీనంతా ఒకటే బటన్. ఈసారి అమ్మమ్మ దాన్ని తిరిగివ్వలేదు.

ఇంటర్వ్యూ కోసం ఆ యాప్ గురించి తయారుచేసిన పేజీలు శనివారం షాపులో ఫోన్ తీసి చూపించాడు. ఆమె ఒక్కో పేజీ చూస్తూ చివరి పేజీ దగ్గర ఆగింది. "స్ఫూర్తి" అని రాసి, కింద పదకొండు వెబ్‌సైట్ల పేర్లున్నాయి.

"ఇందులో మా స్టూల్ ఎక్కడుంది?"

"అది... అందరూ ఇలాగే రాస్తారండీ. మందుల షాపు అంటే నవ్వుతారేమోనని..."

"ఓహో." ఫోన్ తిరిగిచ్చి, స్టూల్ లోపలికి లాగేసింది. "తర్వాత ఎవరండీ?"

సోమవారం ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. "ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగారు. అతను స్ట్రిప్పు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"కళ్లు మూసుకుని తడమండి. మా వీధి మందుల షాపులో నేర్చుకున్నాను."

ముగ్గురూ తడిమారు. ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం వానలో తడుస్తూ షాపుకొచ్చి, చివరి పేజీ తెరిచి ఫోన్ కౌంటర్ మీద పెట్టాడు. వెబ్‌సైట్లు లేవు. ఒకటే వాక్యం ఉంది: "నేర్చుకున్నది స్టూల్ మీద, నేర్పింది కౌంటర్ వెనకున్న ఆమె."

ఆమె రెండుసార్లు చదివింది. "ఉద్యోగం వచ్చిందా?"

"రెండు వారాల్లో చెప్తామన్నారు. పేజీ నిన్ననే మార్చాను. వాళ్లు నవ్వినా ఫర్వాలేదనుకున్నాను. మీరు మాట్లాడకపోతేనే..." అతనికి తుమ్మొచ్చింది.

ఆమె స్టూల్ బయటికి జరిపింది. జలుబు మాత్రల స్ట్రిప్పు తీసి, కత్తెరతో అంచు కత్తిరించి ఇచ్చింది. అతను తడిమి చూశాడు.

"మూడున్నాయేంటండీ? ఇది ఏ పూటకి?"

"ఆదివారం మధ్యాహ్నానికి. షాపు మూసేశాక."

వెనక గదిలో పెట్టెలు సర్దుతున్న వాళ్ల నాన్న తల ఎత్తకుండానే అడిగాడు. "అమ్మాయ్, కత్తెర మూడుసార్లు వినపడింది?"

"అవును నాన్నా."

"ఎక్స్‌పైరీ వైపు కాదుగా?"

"కాదు నాన్నా."

"అయితే సరే," అని ఆయన ఇంకో పెట్టె అందుకున్నాడు.