దెయ్యమైతే బావుణ్ణు

మలుపులో ఇల్లంటే ఆ వీధిలో అందరికీ హడలే. అందులో కాలంచేసిన ముసలావిడ ఇంకా ఇల్లు ఖాళీ చెయ్యలేదని చెప్పుకునేవారు. అద్దెకు దిగినవాళ్ళు వారం తిరక్కుండానే మూటాముల్లే సర్దేసేవారు. ఏమైందర్రా అంటే ఒకటే మాట — రాత్రిళ్ళు ఎవరో పక్కన కూచుని కబుర్లు చెబుతున్నారట...

అలాంటి ఇంటి ముందునుంచి చీకటిపడ్డాక ఆ వీధి టైలరు ఒంటరిగా నడిచి రావాల్సొచ్చింది. వస్తున్నది ఎక్కణ్ణుంచి? పోలీస్ స్టేషన్ నుంచి!

పొద్దున్న ఆ వీధిలో ఐదేళ్ళ పాప కనబడకుండా పోయింది. వెతగ్గా వెతగ్గా పాప గౌను టైలరు కొట్లో దొరికింది. ఇంకేముంది, పట్టుకుపోయి కూచోబెట్టారు. అంచు విప్పి పొడుగు చెయ్యమని ఆ గౌను ఇచ్చింది తనేనని పాప నాయనమ్మకి సాయంత్రానికి గానీ గుర్తు రాలేదు. నీ తప్పేం లేదు, వెళ్ళవయ్యా అన్నారు. అంటే మాత్రం ఏం లాభం? పాప ఇంకా దొరకలేదు. కిరాణా కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు అతన్ని చూసి మొహం తిప్పుకున్నారు. వాళ్ళ ఒంటిమీదున్న చొక్కాలు అతను కుట్టినవే. ప్రాణం చివుక్కుమంది పాపం.

మలుపు దగ్గరికొచ్చేసరికి...

లోపల్నుంచి చిన్నపిల్ల గొంతు.

టైలరు గేటు దగ్గర ఆగిపోయాడు. దెయ్యమా? పాపా? దెయ్యమైతే ఇంటికి పరుగెత్తి ముసుగుతన్ని పడుకోవచ్చు. పాపే అయితే మాత్రం కొంప మునిగినట్టే. ఊరంతా గాలించినా దొరకని పిల్ల నీకే ఎలా దొరికిందిరా అంటారు. దాచినవాడే తెచ్చిచ్చాడంటారు.

"దేవుడా... దెయ్యమే అయ్యుండాలి," అని గొణుక్కున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను అలాంటి మొక్కు మొక్కడం అదే మొదలు.

మనకెందుకొచ్చిన గొడవలే అని కదలబోయాడు.

లోపల పిల్ల దగ్గింది.

దెయ్యాలు దగ్గుతాయా? దగ్గవు... టైలరు తనని తాను నాలుగు తిట్టుకుని గేటు తోశాడు.

చీకట్లో పాప కిటికీ పక్కన కూచుని ఉంది. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అటు తిరిగి ఉంది. అటు ఎవరూ లేరు. టైలరు ఇంకేం చూడలేదు — పిల్లని చంకనేసుకుని వీధిలోకి ఒకటే పరుగు.

క్షణంలో జనం పోగయ్యారు. తల్లి పాపని లాక్కుని గుండెలకి హత్తుకుంది. కబురందుకుని ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు. ఆ ఇల్లు ఎందుకు వెతకలేదంటే, నువ్వు చూశావనుకున్నానని ఒక కానిస్టేబులు, నువ్వే చూశావనుకున్నానని రెండోవాడు. జనం చూపులు మాత్రం టైలరు మీదే.

ఇన్‌స్పెక్టరు వంగి అడిగాడు.

"నిన్ను అక్కడికి ఎవరు తీసుకెళ్ళారమ్మా?"

పాప వేలు చాపింది... టైలరు వైపు.

"ఈ మావయ్య కాదు. ఈ మావయ్యకి భయం. గేటు దగ్గర నిలబడి వణికిపోయాడు. నేనూ బామ్మా కిటికీలోంచి చూశాం. బామ్మే రమ్మంది, కథలు చెప్పింది."

"ఏ బామ్మ?"

"లోపలుంటుందిగా..."

జనం రెండడుగులు వెనక్కి వేశారు. ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకుని, పిల్ల దొరికింది కాబట్టి విచారణ ఇంతటితో అయిపోయిందన్నాడు. టైలరుకి పొద్దుట్నుంచీ అణుచుకున్న ఉక్రోషమంతా పొంగుకొచ్చింది. జనంలో ఎవరి చేతిలోదో టార్చిలైటు లాక్కుని ఆయన చేతికందించాడు.

"నన్ను రోజంతా కూచోబెట్టి అడిగారు కద్సార్. ఆవిణ్ణి కూడా ఒక్క మాట అడిగి రండి."

ఇన్‌స్పెక్టరు టార్చి వంక చూశాడు, ఇంటి వంక చూశాడు, గబగబా జీపెక్కేశాడు. కానిస్టేబుళ్ళు అంతకుముందే ఎక్కి కూచున్నారు.

వీధి వీధంతా పడీపడీ నవ్వింది. నాయనమ్మ టైలరు చెయ్యి పట్టుకుని, నా మతిమరుపు మండా, నిన్నెంత క్షోభపెట్టాను నాయనా అంటూ ఏడుస్తూనే నవ్వింది. కిరాణా కొట్టు దగ్గర మొహం తిప్పుకున్నవాళ్ళే వచ్చి భుజం తట్టారు. హమ్మయ్య, గండం గడిచిందనుకుని టైలరూ కడుపారా నవ్వాడు.

నవ్వి నవ్వి, ఒక్కొక్కరే ఆగారు...

ఇంట్లోంచి మాత్రం నవ్వు ఇంకా వినబడుతూనే ఉంది.