తీసేసిన పట్టీ

పొద్దున్నించి అది ఏడో పడవ. దానయ్య తన షెడ్డులో, పడవని నడిపే బుర్రదిమ్మకి తీగ తగిలించి, దిమ్మల్ని పరీక్షించే రేవుకన్ను పచ్చగా వెలిగేదాకా ఆగి, తీగ పీకేసాడు. అంటే లోపలున్న రాత ముక్కలన్నిటికీ పొత్తు కుదిరినట్టు. పొత్తు కుదరని పడవని రేవుకన్ను కదలనివ్వదు.

ఎనిమిదోది నూకరత్నం పడవ. ఆవిడే దిమ్మని చంకలో పెట్టుకుని మోసుకొచ్చింది.

"అన్నయ్యా, ఏరు సంద్రంలో కలిసే మొగ దగ్గర అలని ఇది తప్పు సదువుతన్నాది. ఎదురొచ్చే అలని పక్క అలంటాది. మొన్న మీ బావ తుంటి ఇరిగింది అందుకే."

"ఎలాగున్నాడు?"

"మంచం మీంచి నన్ను తిడతన్నాడు. అంటే బాగానే ఉన్నట్టు."

దానయ్య నవ్వలేకపోయాడు.

"దీన్ని తెరువు. ఎక్కడ తప్పిందో నేను సూస్తాను. అలల్ని సదివే రాత ఇలాటిదే ఒకప్పుడు నేను రాసినాను, నీకెరికే గదా, అలసూపని. అందరికీ ఊరికే ఇచ్చీసినాను. ఎవులూ వాడినట్టు నేదు."

దానయ్యకి తలెత్తబుద్ధి కాలేదు.

రెండేళ్ళ కిందట, వేట నిషేధం తెల్లారితే తీరిపోతుందనగా, కొత్త దిమ్మలు రెండొందలు పొత్తు కుదరక ఆగిపోయాయి. దానయ్య వాటిలో పెట్టిన అలసూపు మీద ఆవిడ షరతుల పట్టీ ఉంది: ఎవరైనా వాడుకోండి, దీన్ని కలిపి చేసింది కూడా ఇలాగే అందరికీ తెరిచి ఉంచండి, నా పేరు తియ్యకండి. ఇంజను కంపెనీ ముక్క మీద ఇంకో పట్టీ: దీంతో కలిసింది ఏదీ ఎవరికీ తెరవకూడదు. రెండూ ఒక దిమ్మలో ఇమడవు. పడవలోళ్ళు వచ్చి గుమ్మంలో కూచున్నారు. ఆవిడ ఇల్లు నాలుగు వీధుల అవతల. వెళ్ళి అడగొచ్చు. ఇంజనుకి వేరే ముక్క వెతకొచ్చు. దానయ్య ఆవిడ పట్టీ తీసేసి తన షెడ్డు పేరు పెట్టాడు. ఎంతసేపు? బీడీ కాల్చినంతసేపు.

"తెరవడానికి లేదమ్మీ" అనబోయాడు. ఆ మాట ఇప్పటికి ఎంతమందికో చెప్పాడు. ఈవిడకి చెప్పలేకపోయాడు. ఆవిడ రాసిందాన్ని ఆవిడకే చూపించనంటే, ఇంక తనేం మనిషి.

"ఇది నీదే" అన్నాడు.

"ఏటి నాది?"

"అలసూపు. రెండొందల పడవల్లో ఉన్నాది. నీ పట్టీ నేనే పీకీసినాను."

ఆవిడ దిమ్మని అతని ముందుకి తోసింది. తిట్టినా బాగుండేది.

దానయ్య దిమ్మ తాళం తిప్పాడు. పాత పట్టీని ఆవిడ పేరుతో సహా తిరిగి పెట్టి, అన్ని దిమ్మలకీ పంపించాడు. రెండు పట్టీలకీ పొత్తు చెడి, రేవులో కట్టున్న పడవల మీద దీపాలు వరసగా, ఒక్కోటే ఎర్రబడ్డాయి. ఇంజను కంపెనీ హెచ్చరిక తెర మీద మూడుసార్లు మోగింది: పట్టీ తియ్యి, లేకపోతే షెడ్డు మూతపడుతుంది. దానయ్య తెరని గోడవైపు తిప్పేసాడు.

బయట జనం పోగయ్యారు. "ఎవుడ్రా పడవలు ఆపీసింది?"

నూకరత్నం దిమ్మ ముందు కూచుని, తన రాతలో వేలు పెట్టి వెతుక్కుంటోంది. అటు తల తిప్పలేదు. దానయ్య ఒక్కడే వెళ్ళి వాళ్ళ ముందు నిలబడ్డాడు.

"నేనే" అన్నాడు. "ఇయ్యాల కాదు, రెండేళ్ళ కిందటే ఆపాల్సింది."