రెండుసార్లే పిలిచింది

మా ఇంట్లో మైథిలక్క ఎక్కడుందో కళ్లతో వెతకక్కర్లేదు. చెవి ఒగ్గితే చాలు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. చదువుకుంటున్నా, పడుకున్నా, నన్ను తిడుతున్నా ఛాతీలోంచి సన్నగా పిల్లికూతలు వస్తూనే ఉంటాయి. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లకి కూతలేం కొత్త కాదు. ‘మా ఇంట్లోనే ఒక లోకల్ ట్రైనుంది, టికెట్ అక్కర్లేదు’ అని వచ్చినవాళ్లందరికీ చెప్పేదాన్ని. అక్క చేతికందింది విసిరేది. ఎక్కువగా దువ్వెనే.

నా అసలు పేరు లక్ష్మీసౌజన్య. ఆ పేరుకి తగ్గ పని ఒక్కటీ చెయ్యను కాబట్టి ఇంట్లో బన్నీ. నాకున్న విద్యల్లా గొంతులు మార్చడం. అమ్మలా పిలుస్తాను, నాన్నలా దగ్గుతాను. కింది ఇంటి బెంగాలీ వదిన, మేం బౌదీ అంటాం, అక్కకి మిఠూ అని ముద్దుపేరు పెట్టింది. ఆవిడ గొంతుతో మెట్ల దగ్గర నుంచి ‘మిఠూ’ అని సాగదీస్తే, అక్క పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తుకొచ్చేది. నేను తలుపు చాటున చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వుతుండేదాన్ని.

ఆ ఆట నానమ్మకి నచ్చదు. “సీకటడ్డాక వొద్దే. ఎవులు పిలిసినా మూడోసారికి గానీ పలక్కూడదు. అది రెండుసార్లే పిలుస్తాది” అనేది. అదంటే ఏటని అడిగితే చెప్పదు. బౌదీ చెప్పింది. బెంగాలీలో దాన్ని నిశి అంటారట. బాగా తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుంది, పలికినవాళ్లు దాని వెంట వెళ్లిపోతారు. రెండుకి మించి పిలవడం దానికి చేతకాదు. నేను నాలుగుసార్లు పిలుస్తాను కదా, నన్ను అనుమానించకండి అన్నాను.

అక్కకి పాటలంటే ప్రాణం. కానీ దుమ్మూ, పొగా, జనమూ పడవు. సంగీతం పండగలకి వెళ్లొద్దని డాక్టరు ఒకసారి చెబితే, షాలిమార్ గూడ్సు బళ్లకి గార్డుగా పనిచేసే మా నాన్న పదిసార్లు చెప్పారు. అందుకని మాకు వ్లాగర్లే దిక్కు. మా బదులు వాళ్లు బురదలో జారిపడతారు, మా బదులు క్యూలో నిలబడతారు. చూసేటప్పుడు మాకు కొన్ని నియమాలున్నాయి. లైట్లు ఆర్పి, కాళీపూజకి కొన్న నీలం దీపాల దండ వెలిగించాలి. చాప మీదే కూర్చోవాలి. ఝాల్‌ముడి, అంటే కారం మరమరాలు తినాలి. అమ్మ పాత ఎర్రచీర అంచు చింపి ఇద్దరం మణికట్టుకి కట్టుకోవాలి. అది మా గేట్ పాసు. ముడి నేనే వేస్తాను, కత్తెరతో తప్ప రాకుండా.

ఆ డిసెంబరు సాయంత్రం అమ్మ నానమ్మని తీసుకుని గార్డెన్ రీచ్‌లో ఎవరిదో సీమంతానికి వెళ్లింది. నాన్న డ్యూటీలో ఉన్నారు. మా కోల్‌కతాలో ఆ నెల అయిదింటికే చీకటి. కిటికీ అవతల పొగమంచు, బొగ్గుపొయ్యిల వాసన. పక్కనున్న చెరువుకి వచ్చిన వలస బాతులు ఒకటే ఈలలు. దూరంగా రైల్వే యార్డులో గూడ్సు డబ్బాలు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు.

ఆశిష్‌దా అనే మా అభిమాన వ్లాగర్ ఈశాన్యం కొండల్లో జరుగుతున్న పండగ నుంచి లైవ్ పెట్టాడు. ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించాం. పైన్ చెట్ల మధ్య స్టేజీ, చలిమంటలు, ఊగుతున్న తలలు. అక్క కూర్చునే ఊగుతోంది. కళ్లు మెరుస్తున్నాయి. ఒక్కసారి... ఒక్కసారైనా అలాంటిచోట నిలబడాలని ఉందే అంది. ‘నిలబడు, బాతులు నీతో పోటీకి దిగుతాయి’ అన్నాను. పక్కనున్న ఇన్‌హేలర్ తీసి నా మోకాలి మీద కొట్టింది.

ఆశిష్‌దా జనం చివరికి నడిచాడు. అక్కడ దీపాల్లేవు. చెట్లే. పాట దూరమైంది. అతను మంట దగ్గర చేతులు కాచుకుంటూ ఏదో చెబుతున్నాడు.

అతని వెనక చీకట్లోంచి ఎవరో పిలిచారు.

“మిఠూ...”

నా నోటి నిండా మరమరాలు ఉన్నాయి. నమలడం ఆపాను.

బాతుల ఈలలు ఆగిపోయాయి. యార్డు కూడా. ఫోన్లో మంట చిటపటలు మాత్రం... గదిలోనే మండుతున్నంత దగ్గరగా.

“మిఠూ...”

ఆ గొంతు నాది.

బౌదీలా మార్చింది కాదు. నా సొంత గొంతు. జలుబు చేసినప్పుడు ఎలా ఉంటుందో అలా.

అక్క చెయ్యి పట్టుకోబోయాను. నోట్లో మరమరాలు, మాట రాలేదు. అక్క నావైపు చూడనైనా లేదు. ఎన్నేళ్లుగా ఏడిపిస్తున్నానో... ఇదీ నా అల్లరే అనుకుంది. కళ్లు ఫోన్ మీదే ఉంచి, విసుగ్గా, అలవాటుగా పలికింది.

“ఏటే బన్నీ?”

అంతే.

గదిలో పైన్ కట్టెల పొగ వాసన వచ్చింది. పొగ లేదు. వాసన మాత్రం కళ్లు మండేంత. ఈ వాసనకి అక్క ఉక్కిరిబిక్కిరి కావాలి. ఇన్‌హేలర్ కోసం తడుముకున్నాను. దొరికింది. అక్క దగ్గలేదు.

పిల్లికూతలు... లేవు.

మొట్టమొదటిసారి, మా ఇంట్లో అక్క ఎక్కడుందో చెవులకి తెలియలేదు.

ఫోన్లో, ఆశిష్‌దా భుజం వెనక, ఒకమ్మాయి నడిచి వెళుతోంది. పాటవైపు కాదు. చెట్లవైపు. చెప్పుల్లేవు. కుడి మణికట్టుకి ఎర్రటి గుడ్డ పీలిక.

పక్కకి చూశాను. అక్క చాప మీదే ఉంది. నీలం వెలుతురులో రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని. మణికట్టు ఖాళీగా ఉంది.

మూడోసారి పిలవాలి. అది పిలవలేనిది అదొక్కటే. గొంతు నాదే కదా... నేను పిలిస్తే వెనక్కి వస్తుందేమో. మరమరాలు ఉమ్మేసి, ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి పిలిచాను.

“మిఠూ!”

చెట్ల దగ్గర ఆ అమ్మాయి ఆగింది. తల తిప్పడం మొదలుపెట్టింది. చెంప కనబడింది...

బొమ్మ ఆగిపోయింది. సిగ్నల్ లేదు. గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది.

నా వెనక నుంచి, చాలా నెమ్మదిగా, అక్క అంది.

“పక్కనే ఉన్నాను కదే. ఎందుకలా అరుస్తావు?”

అమ్మావాళ్లు వచ్చాక మొత్తం చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. అమ్మ నవ్వింది. ఈసారి ఏడుపు కూడా బాగా వచ్చిందే అంది. వారం గడిచేసరికి ఇల్లంతా పండగ. అక్క మెట్లు పరుగెత్తుతూ ఎక్కుతోంది. డాక్టరు గొట్టం పెట్టి విని, వింతగా ఉందే అన్నాడట. తన కషాయమే పనిచేసిందని నానమ్మ వీధంతా చెప్పుకుంది. ఆవిడైనా నమ్ముతుందనుకున్నాను. ‘పిల్ల సుకపడతంటే కళ్లలో నిప్పులోసుకుంటావేటే’ అని మొహం తిప్పుకుంది. అక్క పరుగెత్తడం చూసి నాన్న కళ్లు తుడుచుకున్నారు. అది చూశాక నేను ఇంకెవరికీ చెప్పలేకపోయాను.

ఆశిష్‌దా ఆ పండగ వీడియోలు వారానికొకటి పెడుతున్నాడు. మొదటిదాంట్లో ఏమీ లేదు. రెండోదాంట్లో, గిటారు ఆగిన చోట, సన్నగా పిల్లికూతలు. కింద ఎవరో ‘మైకు బాగు చేయించుకో దాదా’ అని రాశారు. మూడోదాంట్లో కూతలు ఇంకా దగ్గరకొచ్చాయి. వాటి మధ్య, ఆయాసపడుతూ...

“బన్నీ... బన్నీ...”

మూడోది రాదు. ఊపిరి అందక ఆగిపోతుందో, రెండే చేతనవునో. అక్కో, అక్కలా పిలిచేదో. మూడోసారి ఒక్కటంటే ఒక్కటి పిలిస్తే తెలిసిపోతుంది. వెంటనే పలుకుతాను. అప్పటిదాకా పెదవులు బిగబట్టి వింటాను. రోజూ వింటాను.

నిన్న నాన్న ఆ కొండల్లోనే జరిగే ఇంకో పండగకి టికెట్లు తెచ్చారు. రెండు. ఇన్నాళ్లకి నా తల్లి కోరిక తీరుతోందన్నారు. తోడు నువ్వే వెళ్లాలి, ఫిబ్రవరిలో ప్రయాణం అన్నారు. తల ఊపాను. ఏమని కాదనను?

సాయంత్రం ఇయర్‌ఫోన్లు చెవుల్లోకి బాగా నొక్కి, దుప్పటి తల మీదికి లాక్కుని, అదే ముక్క మళ్లీ పెట్టాను. కూతలు. బన్నీ. కాస్త ఆగి, బన్నీ. ఆ తర్వాత నిశ్శబ్దం. బయటి చప్పుడు ఒక్కటీ నాకు వినబడటం లేదు, లోపలిది బయటికి పోయే వీలూ లేదు.

దుప్పటి తీశాను. అక్క అద్దం ముందు కూర్చుని తల దువ్వుకుంటోంది. నావైపు వీపు. దువ్వెన ఆగింది. ఇయర్‌ఫోన్లలోంచి, ఒక్క పిల్లికూత కూడా లేకుండా, అక్క గొంతు హాయిగా వినబడింది.

“పలకవేటే... పాపం, పిలుస్తోంది కదా.”