శ్రుతి ఎవరిచ్చారు?

మబ్బు పట్టిన సాయంత్రం. ఒక పాత మేడలో, కింది గదిలో మా కచేరీ. వేదికా గీదికా ఏమీ లేదు. ముందు వరుసవాళ్ళ మోకాళ్ళు మా స్వరాల కాగితాల స్టాండ్లకు తగులుతున్నాయి. గోడలు చెమ్మగిల్లి, గదంతా తడిసిన చెక్క వాసన. తీగవాద్యాలవాళ్ళం ముగ్గురం, ఊదేవాళ్ళు ఇద్దరు. నాది వయొలిన్. మా చెల్లిది ఓబో, సన్నాయికన్నా మెత్తటి గొంతున్న వాద్యం.

చెల్లికి న్యుమోనియా తగ్గి ఎన్నాళ్ళో కాలేదు. మెట్లెక్కితేనే ఆయాసపడుతోంది. అప్పుడే ఊదొద్దని డాక్టరు చెప్పినా వినదు, మొండిఘటం.

"ఊదనప్పుడు ఈ ఊపిరి దేనికక్కా, దాచుకోడానికా?" అని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. తనకు విరామం చాలని చోటల్లా నేను నా స్వరాన్ని కాస్త సాగదీస్తాను. ఆ సందులో తను నిండుగా గాలి పీల్చుకోవాలి. పీల్చుకోలేకపోయిందా, నేను తీగలమీంచి కమాను ఎత్తేస్తాను. ఎవరేమనుకున్నా సరే, కచేరీ అక్కడితో ఆఖరు.

మా పాశ్చాత్య సంగీత బృందాల్లో ఒక పద్ధతుంది. మొదలుపెట్టేముందు ఓబో ఒక్క స్వరం పట్టి నిలబెడుతుంది. మిగతావాళ్ళం దానికే శ్రుతి చేసుకుంటాం. అప్పుడు ఎవరూ తలెత్తరు. చెవి తీగమీద, చెయ్యి బిరడామీద.

స్వరం వచ్చింది. సన్నగా, నిలకడగా. వెంట్రుకవాసి తగ్గుగా ఉందనిపించింది. గది చల్లగా ఉంది కదా, అందుకేలే అనుకుని బిరడా తిప్పాను. అందరూ తిప్పారు.

అయ్యాక తలెత్తి చూశాను. ఓబో చెల్లి ఒళ్ళో ఉంది. దాన్ని ఊదే పీక... ఇంకా పక్కనున్న గ్లాసు నీళ్ళలో నానుతోంది.

"శ్రుతి ఇచ్చింది నువ్వు కాదా?" గుసగుసగా అడిగాను.

"నేనింకా పీకే తగిలించలేదు. క్లారినెట్ ఆయన ఇచ్చాడనుకున్నా."

క్లారినెట్ ఆయన తల అడ్డంగా ఊపాడు. ముందు వరుసలోంచి ఆ మేడ యజమానురాలు లేచి, ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

"మాస్టారూ, మళ్ళీ శ్రుతి చేసుకుందాం," అన్నాను, పక్కన పెద్ద వయొలిన్‌లాంటి వయొలా పట్టుకున్న మా గురువుగారితో.

"జనం చూస్తున్నారమ్మా. కానిచ్చేద్దాం," అన్నారాయన.

మొదలుపెట్టాం. మేము తగ్గించుకున్న శ్రుతిలో చెల్లి ఓబో అతికినట్టు కలిసిపోయింది. ఓబో శ్రుతి తీగల్లా తిప్పి తగ్గించేది కాదు, అలా కలవకూడదు. మొదటి విరామం వచ్చింది. స్వరాన్ని సాగదీసి చెల్లివైపు చూశాను.

తను గాలి పీల్చలేదు.

మరిచిపోయిందేమో అనుకున్నాను. రెండోసారీ పీల్చలేదు. ముఖంలో ఎరుపు లేదు, అలుపు లేదు. భుజాలు కదలడంలేదు. ఛాతీ కదలడంలేదు. పాట మాత్రం... ఎన్నడూ లేనంత అందంగా సాగుతోంది.

అప్పుడు వినిపించింది. చెల్లి కుర్చీ వెనక, గోడకీ కుర్చీకీ మధ్య... ఎవరో నిండుగా ఊపిరి పీల్చిన చప్పుడు. సరిగ్గా చెల్లి పీల్చాల్సిన చోట.

కమాను ఎత్తేశాను.

మాస్టారు ఆగారు. అందరూ ఆగారు. చెల్లి ఓబోను నోటినుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

స్వరం ఆగలేదు.

గదిలో ఎవరూ కదల్లేదు. అది అలాగే సాగి... సాగి... సన్నగిల్లి ఆగింది. ఆ వెంటనే తృప్తిగా ఒక నిట్టూర్పు. ఒక్క క్షణం తర్వాత ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ కొట్టారు. నేను చెల్లి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

కారులో కూర్చునేసరికి వాన మొదలైంది. అద్దాలన్నీ మూసుకున్నాం. తాళం తిప్పకుండానే చెల్లివైపు తిరిగాను.

"నీకేం కాలేదు కదా?" అన్నాను.

"లేదక్కా. అసలు ఆయాసమే లేదు. ఎంత హాయిగా ఉందో తెలుసా?" అంది. నాకు కన్నీళ్ళొచ్చాయి. తనకి నయమైందని నమ్మాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

నా ఊపిరికి నా పక్క అద్దం మసకబారుతోంది. పక్క సీట్లో చెల్లి ముఖం తనవైపు అద్దానికి ఆనించి వానను చూస్తోంది. ఆ అద్దం మాత్రం తేటగానే ఉంది.

వెనక సీటు అద్దం మెల్లగా మసకబారసాగింది.